పురుళ్ళ గది మంచం

కొత్త ఇనుప మంచం ముక్కలు ముక్కలుగా బండి దిగిన రోజున ఆ చిన్న ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు కాంపౌండరు. వచ్చింది పురుళ్ళ గదికి. ఆయనకూ పురుళ్ళకూ ఏ సంబంధమూ లేదు. అయినా ముందరి అరుగు మీద ఆ ముక్కలన్నీ వరసగా పరిచి, వాటి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ, అడ్డం వచ్చినవాళ్ళనల్లా కసిరాడు. మందు కోసం కూర్చున్న పెద్దమనుషులు దగ్గడం కూడా మానేసి చూశారు.

ఆయన సంబరానికి ఒక కారణం ఉంది. అవి దొరలు ఏలే రోజులు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న చిన్న ఆసుపత్రులన్నిటినీ తనిఖీ చేయడానికి ఒక పెద్ద డాక్టరు దొర గుర్రం మీద వస్తూ ఉండేవాడు. తాటిచెట్టంత మనిషి. ఇక్కడి భాష పుస్తకంలో నేర్చుకున్నాడు కాబట్టి రోగినీ, బంట్రోతునూ, ఆసుపత్రి పెరట్లో మేసే మేకనూ అందరినీ ఒకే తీరుగా ‘మీరు’ అనేవాడు. ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. కనిపించిన ప్రతి మంచం మీదా ఒకసారి కూర్చుని చూడాలి. కిందటి తనిఖీలో మగవాళ్ళ గదిలో అలాగే కూర్చున్నాడు. మర జారింది. మంచం ఒకవైపు ఒరిగింది. దొర నేల మీద ఉన్నాడు. పక్క మంచంలో పొట్టకు కుట్లు వేయించుకున్న రైతు ఒకడు నవ్వు ఆపుకోలేక, కుట్లు ఎక్కడ తెగుతాయోనని రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు. దొర మాత్రం తాపీగా లేచి, ప్యాంటు దులుపుకుని, మంచం వైపు తిరిగి, “మీరు ఇంకా గట్టిగా ఉండవలెను” అన్నాడు.

మంచాన్ని అన్న ఆ మాట కాంపౌండరు గుండెలో గుచ్చుకుంది. మరలు బిగించే పని ఆయనదే మరి.

అదే రోజున దొర అన్న ఇంకో మాట నర్సమ్మ గుండెలో గుచ్చుకుంది.

పురుళ్ళ కోసమని ప్రభుత్వం ఆ ఊళ్ళో నియమించిన మనిషి నర్సమ్మ. ఆమె గది అద్దంలా ఉండేది. నేల కడిగి, గుడ్డలు ఉడకబెట్టి, కత్తెర మెరిసేలా తుడిచి, తొట్టిలో నీళ్ళు మార్చి రోజూ సిద్ధంగా ఉంచేది. కానీ ఆ గదిలోకి పురిటికి ఒక్క ఆడమనిషి వచ్చిన పాపాన పోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఆమె అంటే ఇష్టం లేక కాదు. ఆమె వీధిలో నడిస్తే పిల్లలు కొంగు పట్టుకునేవారు. గర్భిణులు అరుగుల మీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవారు. “అలాగే వస్తానక్కా” అని ప్రతి ఒక్కరూ తల ఊపేవారు. తీరా నొప్పులు మొదలయ్యాక, అంతా చేయి దాటిపోయే వేళకు, ఎవరో పరుగెత్తుకొచ్చి పిలిచేవారు. ఆమె సంచీ పట్టుకుని ఏ కిటికీ లేని చీకటి గదిలోకో, పొగలోకో వెళ్ళేది. కొన్నిసార్లు చేయగలిగింది ఉండేది. కొన్నిసార్లు ఉండేది కాదు.

దొర ఆ గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. “మీ గది మిక్కిలి శుభ్రముగా ఉన్నది. ఇక్కడ ఎందరు శిశువులు పుట్టినారు?”

“ఇంకా ఎవరూ పుట్టలేదండి.”

దొర అక్కడున్న చెక్కబల్ల మీద చెయ్యి ఆనించి చూశాడు. కోపపడినా బాగుండేది. ఆయన మెల్లగానే చెప్పాడు. చెక్కబల్ల మీద పురుడు పోసుకోమంటే ఎవరు వస్తారు, మంచి మంచం పంపిస్తాను అన్నాడు. అప్పటికీ ఎవరూ రాకపోతే మళ్ళీ వచ్చినప్పుడు ఈ గదిని మందుల సామాను గదిగా మార్చవలసి వస్తుందనీ, నర్సమ్మను పట్నంలో పెద్దాసుపత్రికి పంపుతామనీ అన్నాడు.

ఆ సాయంత్రం నర్సమ్మ ఇంటికి వెళ్ళి అత్తతో చెప్పింది. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. అత్తకు పళ్ళు లేవు కానీ మాటలు మాత్రం కొరికినట్టుండేవి.

“పట్నమా? నేను రాను. ఈ గడప దాటాలంటే నన్ను మోసుకుపోవాల్సిందే. నీకంత బలముందా?”

“నువ్వు రాకపోతే నేనెలా వెళ్తానత్తా?”

“వెళ్ళకు. ఆ దొర వస్తే నా దగ్గరికి పంపు. నేను మాట్లాడతా.”

నర్సమ్మ నవ్వింది. తన అక్క సంగతి మాత్రం ఎత్తలేదు. అత్తకు తెలిసిందే. అక్క తొలికాన్పులో, చీకటి గదిలో పోయింది. తలుపు అవతల కూర్చున్న చెల్లెలు ఆ తర్వాతే ఈ పని నేర్చుకోవడానికి వెళ్ళింది. దాని గురించి అంతకంటే మాట్లాడుకోవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు మంచం వచ్చింది. దొర కూడా ఆ వారంలోనే వస్తున్నాడని కబురు వచ్చింది.

కాంపౌండరు ముక్కలన్నీ బిగించాడు. ఊపి చూశాడు. ఎక్కడో సన్నగా కిర్రుమంది. ఆయన ముఖం మాడిపోయింది. “లాభం లేదు. ఇది కూడా దొరగారిని కింద పడేస్తుంది” అని స్వయంగా వెళ్ళి కమ్మరిని పిలుచుకొచ్చాడు. కమ్మరి కొలిమి సరంజామా అంతా అరుగు ముందుకి తెచ్చి, మరలు తీసేసి, వాటి చోట్ల ఎర్రగా కాలిన ఇనుప చీలలు దిగ్గొట్టాడు. మధ్యాహ్నానికి మంచం కొండరాయిలా తయారైంది. కాంపౌండరు దాని మీద కూర్చున్నాడు, గెంతాడు, తన మీద ఇంకొకరిని కూర్చోమన్నాడు. చప్పుడు లేదు.

“బాబాయ్, బాగుంది గానీ, లోపలికెలా తీసుకెళ్తారు?” అంది నర్సమ్మ.

ఆ మాట వినగానే కాంపౌండరు చెయ్యి నెత్తి మీదికి వెళ్ళింది. ఎత్తి చూశారు. గుమ్మం ఇరుకు. మంచం వెడల్పు. పక్కకు తిప్పుదామంటే తలగడ వైపు కమ్మీలు అడ్డం వచ్చాయి. ఏటవాలుగా దూర్చుదామంటే గుమ్మానికి ఎదురుగా అరుగు స్తంభం. ముందుకు తోశారు, వెనక్కి లాగారు, తలకిందులు చేశారు. ఒకసారి కాంపౌండరు గది లోపల, మంచం గుమ్మంలో, కమ్మరి బయట ఇరుక్కుపోయారు. అరుగు మీద పెద్దమనుషులు తలా ఒక సలహా ఇచ్చారు.

“కాళ్ళు కోసెయ్యండయ్యా!”

“కోసేస్తే దొర మళ్ళీ నేల మీదే కూర్చుంటాడు!”

“చీలలు ఊడదియ్యి కమ్మరీ!”

“నేను కొట్టిన చీల ఊడదియ్యడం నావల్ల కూడా కాదు” అన్నాడు కమ్మరి, ఎంతో గర్వంగా.

డాక్టరుగారు బయటికి వచ్చి చూశాడు. ఆయన చిన్నవాడు. చదువు కొత్త, భయం మాత్రం పాతది. ప్రభుత్వం వారి మంచం అరుగు మీద మిగిలిపోతే దొర ఏమంటాడోనని ఆయన దిగులు. చివరికి మేస్త్రీని పిలిపించారు. మేస్త్రీ గది చుట్టూ తిరిగి, వెనక గోడ మట్టిగోడేననీ, అందులో ఎటూ ఒక కిటికీ ఉందనీ, కిటికీతో సహా ఆ మేర పగలగొట్టి మంచం లోపలికి తోసి, పొద్దున్నే మళ్ళీ కట్టేస్తే పిట్టకైనా తెలియదనీ అన్నాడు.

“ప్రభుత్వం గోడ...” అన్నాడు డాక్టరుగారు.

“ప్రభుత్వం మంచం కూడానండి” అన్నాడు కాంపౌండరు. “ఏదో ఒకటి ఒదులుకోవాలి.”

గోడ పగిలింది. దుమ్ము లేచింది. మంచం పల్లకీలా ఊరేగి లోపలికి వెళ్ళి తన చోట కూర్చుంది.

ఆ గది వెనక ఒక చిన్న దొడ్డి, దాని అవతల నేతవాళ్ళ వీధి. గోడ పగిలిన చప్పుడుకు వీధిలో ఆడవాళ్ళందరూ మగ్గాలు వదిలేసి వచ్చారు. మొదట దూరంగా నిలబడ్డారు. తర్వాత ఒకరిని ఒకరు తోసుకుంటూ దగ్గరికొచ్చారు. ఆ తర్వాత లోపలికే వచ్చేశారు. ఇన్నాళ్ళు పిలిచినా రానివాళ్ళు వెలుతురు నిండిన ఆ గదిలో చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ ఉంటే నర్సమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“అబ్బో, ఇంత చల్లగా ఉందేమే!”

“నీళ్ళు కూడా ఇక్కడే ఉన్నాయే. మన ఇళ్ళల్లో అయితే చెరువుకి పరుగెత్తాలి.”

“మంచం ఎక్కి చూడనా అక్కా?” అంది నేతవారి చిన్నకోడలు. నెలలు నిండిన మనిషి. రేపో మాపో అన్నట్టుంది. ఆమె తోడికోడలు చెయ్యి పట్టుకుంటే మంచం ఎక్కి, కాళ్ళు చాపుకుని, పైకప్పు వైపు చూసి కిలకిలా నవ్వింది. తర్వాత పగిలిన గోడ వైపు చూసింది.

“దీన్ని మూసేస్తారా అక్కా?”

“పొద్దున్నే మేస్త్రీ వస్తాడు.”

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. నర్సమ్మ ఆమె పక్కన కూర్చుంది. “మూస్తే ఏం? గుమ్మం ఉందిగా. నిన్ను ఎన్నిసార్లు రమ్మన్నాను! ప్రతిసారీ వస్తానంటావు.”

చిన్నకోడలు కొంగు కొస వేలికి చుట్టుకుంది. తోడికోడలే అందుకుంది. “ఎలా వస్తుంది చెప్పు? మీ గుమ్మం ముందరి అరుగు మీద ఎవరుంటారు? మా మామగారు దగ్గు మందుకి రోజూ అక్కడే. ఆయన స్నేహితులూ అక్కడే. ఊళ్ళో మగాళ్ళంతా ఆ అరుగు మీదే. నొప్పులు పడుతూ, అరుస్తూ, వాళ్ళందరి ముందునుంచీ నడిచి రమ్మంటావా? దానికంటే చావే నయమనుకోదూ?”

“మరి ఇన్నాళ్ళూ ఒక్కరైనా చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదుగా! మేం రావడం లేదని బాధపడ్డావు గానీ.”

నర్సమ్మ అరుగు వైపున్న గుమ్మం చూసింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్ళు తడయ్యాయి. తుడుచుకుని లేచింది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ మట్టీ, ఇటుకలూ తెచ్చుకుని వచ్చేసరికి ఆమె కంత ముందు నిలబడి ఉంది.

“దీని సంగతి తర్వాత చూద్దాం మేస్త్రీ. ముందు అరుగు గోడకి సున్నం కొట్టు.”

“ఆ గోడకి మొన్ననే కొట్టానమ్మా.”

“మళ్ళీ కొట్టు. దొరగారొచ్చే వేళకి తళతళలాడాలి.”

డాక్టరుగారికి సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. “ఏంటమ్మా ఇది? దొరగారు రేపు వస్తారు. గోడలో ఏనుగు దూరేంత కంత కనిపిస్తే నా ఉద్యోగం గంగలో కలుస్తుంది.”

“మూస్తే నా గది గంగలో కలుస్తుందండీ. ఒక్క రోజు ఆగండి. ఎవరైనా వస్తారేమో చూద్దాం. సాయంత్రానికి ఎవరూ రాకపోతే నేనే ఇటుకలందిస్తాను.”

డాక్టరుగారు ఆమె ముఖం చూశాడు. చూసి, మెత్తని మనిషి కాబట్టి, ఒక తెల్లటి దుప్పటి తెచ్చి కంతకు అడ్డంగా తనే కట్టాడు.

సాయంత్రం దాకా ఆగవలసిన పని పడలేదు. ఎండ ఇంకా ఎక్కకముందే దుప్పటి కదిలింది. తోడికోడలి భుజం మీద చెయ్యి వేసుకుని, పెదవి కొరుక్కుంటూ చిన్నకోడలు లోపలికి వచ్చింది. వాళ్ళ వెనక వీధిలో సగం మంది. ఆ సందడి విని నర్సమ్మ అత్త కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి, అందరినీ బయటికి తోలి, దుప్పటి ముందు పీట వేసుకుని కూర్చుంది.

“మగ పురుగు ఇటు రాకూడదు. నేనున్నాను. నువ్వు నీ పని చూసుకో అమ్మాయ్” అంది.

నర్సమ్మ ముందు గుమ్మం తలుపు గడియ వేసి చేతులు కడుక్కుంది.

సరిగ్గా అప్పుడే అరుగు దగ్గర గుర్రం సకిలించింది. దొర చెప్పిన రోజుకంటే ముందే వచ్చాడు. అదీ ఆయనకు అలవాటే. కాంపౌండరు చేతిలో మందు గరిట జారిపోయింది. డాక్టరుగారు కోటు తిరగేసి తొడుక్కున్నాడు.

దొర మందుల గది చూశాడు. మగవాళ్ళ గది చూశాడు. ప్రతి మంచం మీదా మొదట ఒక చెయ్యి ఆనించి, ఆ తర్వాత కూర్చున్నాడు. ఏదీ ఒరగలేదు. చివరికి పురుళ్ళ గది గుమ్మం ముందుకు వచ్చి తలుపు తోశాడు. రాలేదు. తట్టాడు.

“ఎవరది?” అని లోపలినుంచి కేక.

“నేను. తనిఖీ నిమిత్తము వచ్చినాను.”

“ఇప్పుడు కుదరదు. తర్వాత రండి!” అంది నర్సమ్మ, మూలుగుల మధ్య ఆ గొంతు ఎవరిదో పట్టించుకోకుండానే.

అరుగు మీద పెద్దమనుషులు మెడలు చాచారు. దొరతో ‘తర్వాత రండి’ అన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. డాక్టరుగారు గోడకు ఆనుకున్నాడు, కోటుకంతా తడి సున్నం అంటింది. దొర కనుబొమ్మలు ఎత్తాడు. తర్వాత, ఏ గదినీ చూడకుండా వెళ్ళే మనిషి కాదు కాబట్టి, ఆసుపత్రి చుట్టూ తిరిగి వెనక వైపుకు నడిచాడు.

అక్కడ గోడ లేదు. ఒక దుప్పటి, దాని ముందు ఒక ముసలామె, చుట్టూ ముక్కున వేలేసుకున్న ఆడవాళ్ళు ఉన్నారు.

“ఎటు బాబూ?” అంది అత్త.

“ఈ గది చూడవలెను.”

“నువ్వెవరైతేనేం, ఎంత పొడుగైతేనేం, మగాళ్ళు ఇటు రాకూడదు. వెళ్ళి ఆ మేక పక్కన నిలబడు. పిలుస్తాం.”

“వారు పెద్ద దొరగారమ్మా!” అన్నాడు కాంపౌండరు వెనకనుంచి, ఏడుపు గొంతుతో.

“అయితే ఇంకా మంచిది. పెద్దవాడికి చెప్తే అర్థమవుతుంది.”

దొర ఆమెనూ, దుప్పటినీ, ఆడవాళ్ళనూ చూశాడు. లోపలినుంచి ఒక పెద్ద మూలుగు వినిపించింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, వెళ్ళి మేక పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ఎండ మారితే మేకతో పాటు తనూ నీడలోకి జరిగాడు. “మీరు కొంచెం జరుగుతారా?” అని మేకను అడగడం డాక్టరుగారు చెవులారా విన్నాడు.

లోపల నర్సమ్మకు ఇవేమీ తెలియవు. ఆమెకు కనిపిస్తున్నది ఒక ముఖం, రెండు చేతులు. ఆ చేతులు మంచం కమ్మీలను విరిచేసేలా పట్టుకున్నాయి. వెలుతురు దుప్పటిలోంచి తెల్లగా పడుతోంది. నీళ్ళు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. కత్తెర తను పెట్టిన చోటే ఉంది. ఇన్నేళ్ళు చీకట్లో తడుముకున్న చేతులు ఇవాళ కళ్ళతో చూస్తూ పని చేస్తున్నాయి. “ఇంకొక్కసారి తల్లీ. ఇంకొక్కటే” అంటూనే ఉంది.

బిడ్డ ఏడ్చింది.

దొడ్డిలో ఆడవాళ్ళు ఒక్కసారిగా గోల చేశారు. అరుగు మీద దగ్గు మందుకు కూర్చున్న మామగారు లేచి నిలబడి, ఎవరూ అడగకపోయినా “మా ఇంటి పిల్లే, మా ఇంటి పిల్లే!” అని అందరికీ చెప్పాడు. కాంపౌండరు డాక్టరుగారిని కావలించుకోబోయి, గుర్తొచ్చి, నమస్కారం పెట్టాడు.

అన్నీ సర్దాక నర్సమ్మ ముందు గుమ్మం గడియ తీసింది. “ఇప్పుడు రండి. ముందు చేతులు కడుక్కోండి” అంది. దొడ్డిలోంచి తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డది దొర అని అప్పుడే గుర్తుపట్టి తడబడింది. దొర మాత్రం బుద్ధిగా చేతులు కడుక్కుని, తల వంచుకుని గుమ్మం దాటి వచ్చాడు.

తల్లీ, పక్కన గుడ్డలో చుట్టిన ఆడపిల్లా మంచం మీద ఉన్నారు. దొర అలవాటు కొద్దీ మంచం వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. కూర్చోవడానికి లేదు.

“ఈ మంచము గట్టిగా ఉన్నదా?” అని తల్లినే అడిగాడు.

ఆ పిల్ల సిగ్గుతో ముఖం తిప్పుకుంది. తోడికోడలు జవాబు చెప్పింది. “మా చిన్నది పట్టుకుని ఊగిన ఊపుకి ఇల్లయినా కూలేది దొరగారూ. మంచం కిర్రుమంటే ఒట్టు!”

గుమ్మంలో కాంపౌండరు ఛాతీ రెండింతలైంది.

“మంచిది. మరి ఈ గోడను పగులగొట్టినవారు ఎవరు?”

డాక్టరుగారు కోటు మీద సున్నం దులుపుకోసాగాడు. కాంపౌండరు పైకప్పు దూలాలు చూడడం మొదలుపెట్టాడు. నర్సమ్మే చెప్పింది. మంచం గుమ్మంలో పట్టలేదనీ, లోపలికి తేవడానికి పగలగొట్టామనీ, తిరిగి కట్టనివ్వనిది మాత్రం తనేననీ చెప్పింది. ముందరి అరుగు సంగతీ, మగవాళ్ళ సంగతీ చెప్పింది. ఇన్నాళ్ళూ తనకూ తెలియదని చెప్పింది.

దొర ముందు గుమ్మంలోకి వెళ్ళి అరుగు మీదున్న మగవాళ్ళందరినీ చూశాడు. తిరిగి వచ్చి దుప్పటి పక్కకు తీసి, దొడ్డినీ, నేతవాళ్ళ వీధినీ చూశాడు. “ఈ గదిని నిర్మించునప్పుడు గుమ్మము ఎటు ఉండవలెనని స్త్రీలను ఎవరూ అడగలేదు. మేమును అడగలేదు” అన్నాడు. “ఇక్కడ ఒక తలుపు పెట్టించుడి.”

మేస్త్రీ వెనకనుంచి తల దూర్చాడు. “పెడతాను దొరగారూ. కానీ ప్రభుత్వం తలుపులన్నీ ఒకే కొలతండి. ముందు గుమ్మమంతే వెడల్పు. అది పెట్టానంటే ఈ మంచం మళ్ళీ బయటికి రాదు.”

అందరూ మంచం వైపు చూశారు. దొర తన చేతికర్రతో మంచాన్ని కొలిచాడు. అదే కర్రతో గుమ్మాన్నీ కొలిచాడు. చీలలు వంగి చూశాడు.

“వీటిని తీయలేరా?”

“కొట్టినవాడే తియ్యలేనన్నాడండి” అన్నాడు కాంపౌండరు.

దొర మీసాల కింద ఏదో కదిలింది. “అట్లయితే ఈ మంచము ఇక్కడనే ఉండవలెను. ఇంత మంచము ఉన్న గదిలో మందుల పెట్టెలు పట్టవు. పురుళ్ళ మంచము ఉన్నచోట పురుళ్ళ నర్సు ఉండక తప్పదు. మీరు ఏమందురు?”

ఆ ఆఖరి మాట అత్తను చూసి అన్నాడు. అత్త తృప్తిగా తలూపింది. “పొడుగ్గా ఉన్నా బుద్ధిమంతుడే” అంది కోడలితో, గొంతు తగ్గించే ప్రయత్నం ఏమీ చేయకుండా.

గుర్రం వెళ్ళిపోయింది. మేస్త్రీ కొత్త తలుపుకి చౌకట్టు తయారు చేయడానికి కొలతలు తీసుకుపోయాడు. చిన్నకోడలిని చూడడానికి వచ్చిన వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే పిల్లను ఎత్తుకుని, తమ తమ నెలలు లెక్క చెప్పి, “నాకు కూడా ఈ మంచమే” అని మాట తీసుకుని వెళ్ళారు. పొద్దు వాలేసరికి గదిలో తల్లీపిల్లా, తోడికోడలూ, నర్సమ్మా మిగిలారు.

నర్సమ్మ కత్తెర తుడిచి దాని చోట పెట్టింది. మంచం పట్టె మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. అక్కకు ఇలాంటి గది ఉండి ఉంటే అనుకోబోయి, ఆ మాట అక్కడితో ఆపింది. పిల్ల నిద్రలోనే నోరు చప్పరించింది. ఆ చిన్న చప్పుడు వింటూ ఉండిపోయింది.

“అమ్మాయ్!” అని దొడ్డిలోంచి అత్త కేక. “ఇంటికొస్తావా? లేకపోతే నన్ను కూడా ఆ మంచం మీదే పడుకోమంటావా?”

“వస్తున్నా అత్తా.”

తోడికోడలికి చెప్పవలసినవి చెప్పి, పిల్లను ఇంకోసారి చూసి, దీపం వత్తి సర్ది, నర్సమ్మ వెనక గోడ కంతలోంచే బయటికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ అరుగు చుట్టూ తిరిగి వెళ్ళింది గానీ, ఇంటికి ఇదే దగ్గర దారి.